పల్నాటి సీమలో క్రొత్త ట్రాక్టరు, తొలకరి దుక్కి

పల్నాటి సీమలో తొలకరి వాన కురిసి నేల పదునుకు వచ్చిన దినమున, క్రొత్తగా కొన్న ట్రాక్టరును మొదటిసారి చేనిలోనికి దింపి దుక్కి సాగించుట రైతు కుటుంబమునకు శుభకార్యము, యంత్రమునకు పరీక్ష, ఆ సంవత్సరపు పంటకు పునాది. ఋతువు వచ్చువఱకు కొట్టములో నిలిచియుండి, ఋతువు రాగానే బయలుదేరు యంత్రములు లోకమున పెక్కు గలవు. కెనడా వంటి శీతల దేశములందు తొలిమంచు పడగానే క్రొత్త మంచుబండిని బయటికి తీయువారి ఆత్రమునకును, మండుటెండలకు పేరువడిన రెంటచింతల గల పల్నాటిలో తొలివాన పడగానే క్రొత్త ట్రాక్టరెక్కి కూర్చుండువారి ఆత్రమునకును భేదము లేదు. ఆ ఆత్రమును అదుపులో నుంచుకొని, యంత్రమును నేలను రెంటిని గమనించి నడచుకొన్ననాడు ట్రాక్టరు దీర్ఘకాలము పనిచేయును; చేను ఫలించును.

నేల, వాన, పదును

2022 ఏప్రిల్ 4వ తేదీన పూర్వపు గుంటూరు జిల్లానుండి విడివడి నరసరావుపేట కేంద్రముగా ఏర్పడిన పల్నాడు జిల్లాకు ఉత్తరమున కృష్ణానది, పడమటి వైపున నల్లమల కొండలు ఎల్లలుగా నున్నవి. మాచర్ల, గురజాల, దాచేపల్లి ప్రాంతములలో నాపరాతి పొరలపై పలుచగా పఱచుకొన్న నేలలు తఱచుగా కానవచ్చును. నల్లరేగడి భూములును, ఎఱ్ఱ భూములును జిల్లా యంతట కలసిమెలసి యున్నవి. ఈ సీమలోని రాళ్లును, జొన్నకూడును, నీటి కొఱతయు శ్రీనాథుని పేర వ్యాప్తిలోనున్న చాటువులకెక్కినవి. 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరమునుండి 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడుదల చేసిన పిదప, కుడికాలువ పాఱిన మేర వరియు, మిరపయు, ప్రత్తియు విస్తరించినవి. అయినను కాలువ అందని మెట్టచేలకు నేటికిని ఆకాశమే ఆధారము. అచ్చటి రైతునకు తొలకరి దుక్కి తప్పిన, ఏడాది తప్పినట్లే.

మే నెల చివరివారమున ప్రవేశించు రోహిణి కార్తెలో ఎండలు పరాకాష్ఠ నందుకొనును. జూను రెండవ వారపు మృగశిరతో నైరృతి ఋతుపవనము అడుగిడును. నాలుగవ వారపు ఆరుద్రతో విత్తనపు పనులు ఊపందుకొనును. జ్యేష్ఠ శుద్ధ పూర్ణిమ ఏరువాక పున్నమి. ఆనాడు కాడెద్దులను కడిగి, కొమ్ములకు రంగులద్ది, నాగలికి పసుపు కుంకుమలు పెట్టి, పొంగలి నివేదించి దుక్కి ప్రారంభించుట ఆంధ్ర దేశమంతట అనాదిగా వచ్చుచున్న ఆచారము. 1955లో విడుదలైన ‘రోజులు మారాయి’ చిత్రమునకు కొసరాజు రాఘవయ్య చౌదరి వ్రాసిన ఏరువాక పాట ఈ ఆచారమును పట్టణవాసులకు సైతము చిరపరిచితము గావించినది.

వాన పడిన దినమే దుక్కి దినము కాదు. నల్లరేగడిలోని బంకమన్ను నీటిని పీల్చి ఉబ్బును, ఎండకు కుంచించుకొని నెఱ్ఱెలు విచ్చును. వాన వెలిసిన వెంటనే దిగినచో చక్రముల పట్టీల నడుమ బంక నిండి, టైరు నున్నని దుంగవలె మాఱి ఉన్నచోటనే తిరుగును; మిగుల ఆఱిన తరువాత దిగినచో కఱ్ఱు నేలను చీల్చక పెద్ద పెళ్లలను పెకలించును. ఈ రెంటి నడుమ నుండు స్వల్పకాలమే పదును. దానిని గుర్తించుటకు పెద్దలు చూపు పద్ధతి మిక్కిలి సులభము: జానెడు లోతున మట్టిని తీసి పిడికిట బిగించి, బొటనవ్రేలితో నొక్కవలెను. ముద్ద సాగి వ్రేలికంటుకొన్న యెడల ఆగవలెను; పొడిపొడిగా విడిపోయిన యెడల గొఱ్ఱు దింపవచ్చును. ఎఱ్ఱనేల త్వరగా పదునుకు వచ్చి త్వరగానే ఆఱిపోవును. రేగడి ఆలస్యముగా వచ్చి, వచ్చిన పిదప కొంతకాలము నిలుచును. కావున రెండు విధములైన చేలుగల రైతు ముందుగా ఎఱ్ఱచేనిని, తరువాత రేగడిని దున్నుకొనుట లాభకరము. వర్షాధారపు ప్రత్తిని విత్తుటకు 50 నుండి 75 మిల్లీమీటర్ల వఱకు వాన పడి నేల బాగుగా తడియవలెనని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పుదురు.

తడి మిక్కుటముగా నున్నపుడు బరువైన ట్రాక్టరును దింపుటవలన కలుగు నష్టము పైకి కానరాదు. చక్రముల బరువుకును, కఱ్ఱుల ఒఱపిడికిని దుక్కి లోతునకు అడుగున గట్టిపొర యేర్పడును; వేళ్లు ఆ పొరను భేదింపజాలక ప్రక్కలకు మఱలును; వాననీరు క్రిందికి ఇంకక పైన నిలుచును. మొదటి వానకే తొందరపడిన ఒక్కపూట పనికి ఆ చేను ఏండ్ల తరబడి మూల్యము చెల్లించవలసివచ్చును.

ఎడ్లనుండి ట్రాక్టరు వఱకు

ట్రాక్టరు రాకకు పూర్వము పల్నాటి దుక్కి ఒంగోలు జాతి ఎడ్ల బలముపై నడచినది. పశువు లేనిదే సేద్యము లేదు. మేత లేనిదే పశువు లేదు. అందుచేతనే అడవిలో పశువులను మేపుకొనుటపై నాటి ప్రభుత్వము విధించిన పుల్లరి పన్ను ఈ ప్రజలకు ప్రాణసంకటమైనది. ఆ పన్నును ధిక్కరించిన పల్నాటి సత్యాగ్రహమున మించాలపాడు గ్రామమునకు చెందిన కన్నెగంటి హనుమంతు ప్రాణములర్పించి చరిత్రలో నిలిచెను. దుక్కిటెద్దు రైతు బ్రదుకులో ఎంతటి స్థానము నాక్రమించి యుండెనో ఆ పోరాటమే చాటుచున్నది. నేడు దుక్కిలో ఎడ్ల పాత్ర తగ్గినను, తిరునాళ్ల సందర్భమున జరుగు బండలాగుడు పందెములలో వాని గౌరవము తగ్గలేదు.

పెట్రోలుతో నడచు ట్రాక్టరును 1892లో అమెరికాలోని అయోవా రాష్ట్రమున జాన్ ఫ్రోలిక్ నిర్మించెను. 1917లో హెన్రీ ఫోర్డు ఫోర్డ్‌సన్ ట్రాక్టరును పెద్దయెత్తున తయారుచేయ నారంభించెను. ఐర్లండు దేశీయుడైన హారీ ఫెర్గుసన్ కనిపెట్టిన మూడు చేతుల అమరిక, అనగా పనిముట్టును వెనుక మూడు బిందువులయొద్ద తగిలించి హైడ్రాలిక్కుతో ఎత్తుచు దింపుచు నుండు విధానము, ఈ యంత్రము చరిత్రనే మార్చివేసినది. భారతదేశమున 1959 ఏప్రిల్ 24వ తేదీన ఫరీదాబాదులోని ఐషర్ కర్మాగారమునుండి దేశములో తయారైన మొదటి ట్రాక్టరు వెలువడెను. మహీంద్రా సంస్థ ఇంటర్నేషనల్ హార్వెస్టర్ సహకారముతో 1963లో ఈ రంగమున ప్రవేశించెను. దుర్గాపురములోని కేంద్ర యాంత్రిక పరిశోధనాలయమున రూపొందిన నమూనా ఆధారముగా పంజాబు ట్రాక్టర్సు వారి స్వరాజ్ 1974లో విపణికి వచ్చెను. సాగరు నీరు ప్రవహింప నారంభించిన కాలమును, దేశీయ ట్రాక్టర్లు లభింప నారంభించిన కాలమును ఒక్కటే యగుటచేత, పల్నాటిలో నీరును యంత్రమును ఇంచుమించు కలసియే అడుగుపెట్టినవని చెప్పవచ్చును.

తొలిపూజ

షోరూమునుండి తాత్కాలిక నంబరుతో, అనగా రైతులు టి.ఆర్. అని పిలుచు నంబరుతో, బయలుదేరిన ట్రాక్టరు సామాన్యముగా తిన్నగా ఇంటికి రాదు. కోటప్పకొండ త్రికోటేశ్వరుని సన్నిధికిగాని, మాచర్ల లక్ష్మీచెన్నకేశవుని సన్నిధికిగాని, ఊరి గ్రామదేవత గుడికడకుగాని ముందుగా కొనిపోవుదురు. బానెట్టుపై పసుపుతో బొట్లు, నడుమ కుంకుమ, ముందు బంపరుకు మామిడాకులు, స్టీరింగునకు పూలమాల, నాలుగు చక్రముల ముందు నాలుగు నిమ్మకాయలు. అర్చకుడు హారతి యిచ్చి కొబ్బరికాయ కొట్టిన పిదప, ఇంటి పెద్ద స్టీరింగు పట్టగా చక్రములు నిమ్మకాయలను చిదుముకొని ముందుకు కదలును. గంటల మీటరు మీద అప్పటికింకను సున్నలే కనబడుచుండును. విజయదశమి నాడు ఆయుధపూజలో నాగలి, గొఱ్ఱు, ట్రాక్టరు ఒక్క వరుసన నిలిచి పూజలందుకొనును. మహాశివరాత్రికి కోటప్పకొండకు తరలు ఎత్తైన ప్రభలను పూర్వము ఎడ్లే లాగెడివి. నేడు ట్రాక్టర్లును ఆ సేవలో పాలుపంచుకొనుచున్నవి. యంత్రమును కుటుంబమున ఒక వ్యక్తిగా స్వీకరించు ఈ సంస్కారము గౌరవింపదగినది. దాని సంరక్షణకు మొదటి మెట్టు అదియే.

ఇంజను సెట్టగుట

క్రొత్త ఇంజనులోని పిస్టన్ రింగులును, వానిని పొదువుకొన్న లైనరు గోడయు కంటికి నున్నగా గనబడినను, సూక్ష్మముగా చూచినచో గఱుకుగానే యుండును. మొదటి గంటలలో ఆ గఱుకుదనము పరస్పర ఘర్షణచే అరిగి, రెండు తలములును ఒకదానికొకటి సరిపడును. దీనినే మెకానిక్కులు, డ్రైవర్లు ‘ఇంజను సెట్టగుట’ యందురు. ఈ దశలో అతిభారము మోపినచో వేడిమి హెచ్చి లోహము గీఱుకొనిపోవును. భారము లేకుండ ఊరక నిలిపి గంటల తరబడి ఇంజనును తిప్పినచో లైనరు గోడపై నున్నని పొర యేర్పడి, రింగులు సరిగా పట్టక, ఆయిలు తాగు రోగము ఇంజనుకు జీవితాంతము అంటుకొనును. మితమైన భారమును, తఱచుగా మాఱుచుండు వేగమును ఈ దశకు ఉత్తమములు.

సామాన్యముగా కంపెనీలు మొదటి సర్వీసునకు 50 గంటల గడువు నిర్ణయించుచున్నవి. ఆ గడువు దాటక మునుపే ఇంజను ఆయిలు, ఫిల్టరు మార్పించవలెను. ఏలయనగా తొలిదశలో అరిగిన లోహపు రజను ఆ ఆయిలులోనే కలసియుండును. చక్రముల నట్లు, ముందు ఇరుసు బోల్టులు, రేడియేటరు గొట్టముల క్లిప్పులు మొదటి గంటలలోనే వదులగును గనుక ప్రతిదినము ఉదయమున చూచి బిగించవలెను. క్లచ్చి పెడలుపై పాదము నానించి నడుపు అలవాటు మొదటి దినముననే మానుకొన్నచో క్లచ్చి ప్లేటు చాలకాలము మన్నును. ఎండాకాలపు దుమ్ములో పనిచేసిన దినమున గాలి ఫిల్టరును తప్పక శుభ్రపఱచవలెను. పల్నాటి దుమ్ములోని ఇసుకరేణువు ఇంజనులోనికి పోయినచో, లైనరునకు ఆకురాయియే యగును.

ఇచ్చటనే పల్నాటి రైతునకు ఒక ధర్మసంకటము ఎదురగును. పదును రెండు మూడు దినములకంటె ఎక్కువ నిలువదు. ఊరంతయు ఒక్కసారే దుక్కికి సిద్ధమగును. క్రొత్త ట్రాక్టరు గలవాని యింటి ముంగిట బాడుగ అడుగువారు వరుసకట్టి నిలుతురు. అట్టి సమయమున రేయింబవళ్లు నడుపక తప్పదు. నడిపినచో సెట్టుగాని ఇంజను చెడును. ఈ సంకటమునకు పరిష్కారము కొనుగోలు కాలమును ముందునకు జరుపుటయే. ఉగాదికిగాని అక్షయ తృతీయకుగాని ట్రాక్టరును తెచ్చుకొన్నచో, ఏరువాకకు ముందు వేసవి పనులుండును. చేలకు పశువుల పెంట తోలుట, చెఱువు మట్టి తోలుట, కంప తరలించుట మొదలగు తేలికపాటి ట్రక్కు పనులకు సగము బరువుతో వినియోగించినచో 50 గంటలును సులభముగా గడచును. మొదటి సర్వీసు పూర్తియగును. నడుపువానికి చేయి కుదురును. అటుపిమ్మట తొలకరి వచ్చునప్పటికి యంత్రము పూర్తి భారమునకు సిద్ధముగా నుండును.

తొలిసాలు

తొలిదుక్కికి తొమ్మిది కఱ్ఱుల గొఱ్ఱు వాడుక. బీడువాఱిన చేనికి రెక్కనాగలి, పెళ్లలు చితుకగొట్టుటకు రోటవేటరు, మాగాణి దమ్మునకు ఇనుప కేజీ చక్రములు ఉపయోగింతురు. రోటవేటరును క్రొత్త ఇంజనుకు మొదటనే తగిలించుట తగదు. అది నిరంతరము అధిక శక్తిని కోరును. గొఱ్ఱుతోనైనను మొదటి సాలు లోతు తక్కువగా పట్టి, రెండవ మాఱు అడ్డముగా, అనగా ఇరువాలు, దున్నునపుడు లోతు పెంచుట మేలు.

చాలమంది ఈశాన్యమూల పూజచేసి తొలిసాలు ప్రారంభింతురు. ఆ తరువాత చేని పొడవు వెంబడి నడుపుట శాస్త్రసమ్మతము. మలుపులు తగ్గును, డీజిలు మిగులును. ఏటవాలు చేలలో వాలునకు అడ్డముగా దున్నినచో ప్రతి సాలు ఒక చిన్న కట్టయై వాననీటిని ఆపును. వాలు వెంబడి దున్నినచో అదే సాలు కాలువయై పైమట్టిని కొట్టుకొనిపోవును. పలుచని మన్నుగల మాచర్ల, గురజాల ప్రాంతములందు ఈ సూత్రము ప్రాణాధారము. నాపరాయి పైకి తేలిన చోట్లను నడుపువాడు ముందు దినముననే కాలినడకన తిరిగి చూచి, పుల్లలు నాటి గుర్తు పెట్టుకొనవలెను. కఱ్ఱు రాతికి తగిలిన దెబ్బ హైడ్రాలిక్కు చేతులవఱకు ప్రాకును.

చక్రము కొంత జాఱుట దుక్కిలో సహజము. నూటికి పది పదిహేను పాళ్ల వఱకు జాఱుడు ఉండవచ్చును. అంతకు మించినచో గొఱ్ఱు లోతు తగ్గించవలెను, లేదా వెనుక టైర్లలో నీరు నింపి బరువు పెంచవలెను. పొగగొట్టమునుండి నల్లని పొగ ఎడతెగక వెలువడుట ఇంజను భారమోపలేకున్నదనుటకు స్పష్టమైన గుర్తు.

ప్రమాదములు, జాగ్రత్తలు

ట్రాక్టరు వలన కలుగు మరణములలో తిరగబడుటవలన కలుగునవి ముఖ్యమైనవి. బురదలో దిగబడిన ట్రాక్టరును ముందు గేరులో బలముగా పెఱుకబోయినపుడుగాని, గొలుసును వెనుక ఇరుసు పైభాగమున కట్టి బరువు లాగించినపుడుగాని, ముందుభాగము పైకిలేచి క్షణములో వెనుకకు తిరగబడును. లాగు గొలుసును ఎల్లప్పుడును క్రిందనుండు డ్రాబారుకే కట్టవలెను. కుడి యెడమ చక్రములకు వేఱువేఱుగానున్న బ్రేకు పెడళ్లు చేనిలో మలుపులకు ఉపకరించును. రోడ్డెక్కుటకు ముందు ఆ రెంటిని కొక్కెముతో జోడింపకున్నచో, వేగముగా పోవునపుడు ఒక్క చక్రమే ఆగి బండి బోల్తాపడును.

మడ్గార్డుపై పిల్లలను కూర్చుండబెట్టుకొని తొలిదుక్కికి బయలుదేరుట పల్లెలలో ముచ్చటగా భావింపబడుచున్నది. అది మహాపరాధము. ఒక్క కుదుపునకు జాఱిన బిడ్డ పడుచోటు వెనుక చక్రమునకును గొఱ్ఱునకును నడుమనే. అట్లే మిరపకోతల కాలమున కూలీలను ట్రక్కులలో క్రిక్కిరిసి ఎక్కించుటయు ఈ సీమలో పెక్కు కుటుంబములకు శోకకారణమైనది. రోటవేటరు త్రిప్పు పి.టి.ఓ. కడ్డీకి తొడుగు లేకుండ నడుపరాదు. నిమిషమునకు 540 చుట్లు తిరుగు ఆ కడ్డీ పంచె కొంగును పట్టినచో మనిషిని విడువదు. కేజీ చక్రములతో తారు రోడ్డెక్కుట రోడ్డునకును, ఇతర ప్రయాణికులకును హానికరము.

అప్పు, బాడుగ, శిక్షణ

క్రొత్త ట్రాక్టర్లలో అధికభాగము అప్పుపై కొనబడునవే. వాయిదాలు పంటచేతికి వచ్చు కాలములతో ముడిపడి యుండును. నాలుగైదెకరముల రైతునకు స్వంత సేద్యము మాత్రమే ట్రాక్టరు వాయిదాను తీర్పజాలదు. బాడుగ దుక్కులు, ట్రక్కు తోలకములు తోడు కావలెను. కనుక బాడుగ ఎంత దొరకునో లెక్కించుకొనక, పొరుగువాడు కొన్నాడని కొనుట అప్పుల ఊబికి దారి. 2014-15లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషను ద్వారా యంత్రములకు రాయితీలును, రైతుల సమష్టి అద్దె కేంద్రములకు సహాయమును లభించుచున్నవి. అనంతపురము జిల్లా గార్లదిన్నెలోని కేంద్రప్రభుత్వ వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ ట్రాక్టరు నడపుట, నిర్వహణలయందు శిక్షణ యిచ్చుచున్నది. గుంటూరు చెంతనున్న లాంలోని ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయపు పరిశోధనా స్థానము ప్రత్తి సేద్యమునకు మార్గదర్శకము.

మంచుదేశములందు

క్రొత్త ట్రాక్టరు తొలియాత్రకు మంచుదేశపు సోదర రూపము మంచుబండి తొలియాత్ర. కెనడాలోని క్యుబెక్ రాష్ట్రమున వాల్కోర్ గ్రామవాసియైన జోసెఫ్ అర్మాండ్ బాంబార్డియర్, మంచుపై నడచు పట్టాబండ్లకు 1937లో పేటెంటు పొంది, 1959లో ఒకరిద్దరు ఎక్కదగిన స్కీడూ అను తేలికబండిని విపణికి తెచ్చెను. మంచుదారులు మూసికొనిపోయి వైద్యుని చేరలేని గ్రామములకు ఆయన తొలి బండ్లు వైద్యులను, తపాలాను చేరవేసినవి. మన దేశమున కాశ్మీరములోని గుల్మార్గులో యాత్రికులు ఈ బండ్లెక్కి విహరింతురు. ఆ బండి పట్టా లోపలనుండు జారుపట్టీలను మంచే తడిపి చల్లబఱచవలెను. పలుచని తొలిమంచుపై వేగముగా నడిపినచో అవి వేడెక్కి అరిగిపోవును, మంచుక్రింది రాళ్లు పట్టాను చీల్చును. తగినంత మంచు గూడువఱకు ఆగుమని అచ్చటి అనుభవజ్ఞులు చెప్పుమాటయు, పదును వచ్చువఱకు ఆగుమని పల్నాటి పెద్దలు చెప్పుమాటయు ఒక్కటే. క్రొత్త యంత్రము ఎంత బలవంతమైనను, తాను నడచు నేల అనుమతి లేక నడువరాదు.

ఉపసంహారము

తొలకరి దుక్కి పల్నాటి జీవనమున ఎడ్లనుండి యంత్రమునకు సంక్రమించినను, దాని ధర్మము మాఱలేదు. అలసిన ఎద్దును కాడినుండి విప్పి నీరు త్రాపిన రైతే, నేడు వేడెక్కిన ఇంజనును ఆపి రేడియేటరు నీరు చూడవలెను. ఇరుసు కందెన మఱువని చేయియే గ్రీజు మఱువరాదు. కావున క్రొత్త ట్రాక్టరు కొనదలచిన సోదర రైతులు ఏరువాకకు చాల ముందుగానే దానిని తెచ్చుకొని, తేలిక పనులతో ఏబది గంటలు గడపి, మొదటి సర్వీసు చేయించి, పిడికిట మట్టి పొడియైన దినముననే చేనిలోనికి దింపవలెను. ఆ దినమున పిల్లలను గట్టుమీదనే నిలుపవలెను.